చివరి పువ్వు మునిగేదాకా

నా ముప్ఫై మూడేళ్ల ఉద్యోగంలో నేను చేసిన అన్నిటికన్నా తెలివితక్కువ పని, ఒక గడిలో టిక్కు పెట్టడం. వేలిగోరంత గడి. దాని పక్కనే సరైన గడి ఖాళీగా ఉంది. నేను దాన్ని కాదని ఇవతలి గడిలో పెట్టాను. పొరపాటున పెట్టానంటే మీరు క్షమించి వదిలేస్తారు. బాగా ఆలోచించి, రెండు టీలు తాగి, నా తెలివికి నేనే మురిసిపోయి మరీ పెట్టాను. అందుకని క్షమాపణ అడగను, జరిగింది చెబుతాను.

కొత్తగా ఆఫీసుల్లో చేరిన పిల్లలు ఎవరైనా ఇది చదువుతారని ఆశ. మీ గడులు తెర మీద ఉంటాయి. తప్పు పెడితే వెనక్కి నొక్కుతారు, పోతుంది. మా విభాగంలో నేను దిగిపోయేదాకా అన్నీ కాగితాలే. కాగితం మీద టిక్కు పడిందంటే అది పెన్షన్ దాకా వెంట వస్తుంది.

సూరత్‌లో ఒక విశ్వవిద్యాలయం. అందులో విద్యార్థి సంక్షేమ విభాగం. విద్యార్థుల క్షేమం విద్యార్థులు చూసుకునేవారు, విభాగం మేము చూసుకునేవాళ్లం. నేను సీనియర్ క్లర్కుని. సీనియారిటీ అంతా తలవెంట్రుకల్లోనే, కుర్చీలో లేదు. మా నాన్న కరీంనగర్ వైపు నుంచి మరమగ్గాల పనికి ఇక్కడికి వచ్చాడు. నేను పర్వత్ పాటియాలో పుట్టి, కార్పొరేషన్ వారి తెలుగు బడిలో చదివి, మగ్గం చప్పుడు వినిపించని కుర్చీ ఏదైనా చాలనుకుని ఇందులో చేరాను. ఆఫీసులో నన్ను అందరూ తెలుగుభాయ్ అనేవారు. ఊరికి పోతే చుట్టాలు సూరతోడు అంటారు. నేనెవరో తేల్చే పని రెండు చోట్లా పెండింగులోనే ఉంది.

మా పని విద్యార్థి మండళ్లకు గుర్తింపు ఇవ్వడం, వాళ్ల కార్యక్రమాలకు అనుమతి కాగితం నడిపించడం. కొండలెక్కే మండలి, ఫొటోలు తీసే మండలి, వాదించే మండలి, మొక్కలు నాటే మండలి, నాటిన మొక్కలు ఎండిపోతున్నాయని ఫిర్యాదు చేసే ఇంకో మండలి. ఒక్కో మండలికి ఒక అధ్యక్షుడు, ఒక కార్యదర్శి, పాతికమంది సభ్యుల సంతకాలు ఉండాలి. అధ్యక్షుడికీ కార్యదర్శికీ మాటలుండాలని మాత్రం ఎక్కడా రాయలేదు.

ఉద్యోగంలో నా ఆఖరి దసరాకు రెండు నెలల ముందు తెలుగు మండలి ఒకటి పుట్టింది. పాతికమంది తెలుగు పిల్లలు ఒకేచోట దొరకలేదు కాబట్టి రెండు చోట్ల నుంచి తెచ్చి కలిపారు. సగం మంది హజీరా వైపు కంపెనీల్లో ఇంజనీర్ల పిల్లలు, ఆంధ్రా వాళ్లు. మిగతా సగం మా పర్వత్ పాటియా వైపు మగ్గాల పనివాళ్ల పిల్లలు, తెలంగాణ వాళ్లు. మొదటి మీటింగులో నేనూ కూర్చున్నాను. అరగంటలో నాకర్థమైంది ఒకటే: ఒకళ్ల తెలుగు ఇంకొకళ్లకు సినిమాలో కామెడీలా వినిపిస్తోంది. ఎవరూ నవ్వకూడదని అందరూ కలిసి ఒక ఏర్పాటుకు వచ్చారు. మంతనాలు హిందీలో, మినిట్సు ఇంగ్లీషులో, తగాదాలు గుజరాతీలో. తెలుగు ఆ మండలి పేరులో మాత్రం మిగిలింది.

అధ్యక్షుడు హజీరా అబ్బాయి, సివిల్ ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. కార్యదర్శి పర్వత్ పాటియా అమ్మాయి, బీకాం మూడో సంవత్సరం. ఆ అమ్మాయి ఒకనాడు మధ్యాహ్నం భోజనం వేళ నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"కాకా, మీరు మా దిక్కోళ్లేనటగద."

"ఎవరు చెప్పారమ్మా?"

"మీ డబ్బనే చెప్తున్నది. సర్వపిండి వాసన వరండ దాకొస్తున్నది."

కాకా అంటే మావైపూ బాబాయే, గుజరాతీలోనూ బాబాయే. ఏ భాషలో పిలిచిందో తేలకుండానే ఆ పిల్లకు నేను బాబాయినైపోయాను. ఒక ముక్క సర్వపిండి చేతిలో పెట్టి ఏం కావాలన్నాను.

"సద్దుల బతుకమ్మ నాడు క్యాంపస్‌ల బతుకమ్మ ఆడాలె. మా అమ్మ, మా గల్లీ ఆడోళ్లు పదిమంది దాక వస్తరు. వాళ్లను లోపటికి రానియ్యాలె. గంతే."

గంతే అనడం తేలిక. నవరాత్రి రోజుల్లో మా దగ్గర నియమాలు గట్టివి. అంతకు ముందు ఏడాది గర్బా మైదానంలో బయటి కుర్రాళ్లు వచ్చి గొడవ చేశారు. అప్పటి నుంచి నవరాత్రుల్లో సాంస్కృతిక కార్యక్రమం ఏదైనా సరే, గుర్తింపు కార్డున్న విద్యార్థులకే ప్రవేశం. తల్లికీ లేదు, తాతకూ లేదు.

"అయితే పిల్లలే ఆడండి. అమ్మ వాళ్లు ఎలాగూ గల్లీలో ఆడతారు కదా," అన్నాను.

ఆ అమ్మాయి సర్వపిండి నమలడం ఆపింది.

"నన్ను చేర్పిచ్చిన నాడు అమ్మ గూడ వచ్చింది కాకా. కార్డు లేదని గేటు కాడనే నిలవెట్టిండ్రు. నేను సర్టిఫికెట్ల లైన్ల ఉన్న. మూడు గంటలు ఎండల నిలవడ్డది. మళ్ల రమ్మంటే రాదు. నీ కాలేజి గేటు జూసిన గద, మంచిగనే ఉన్నది అంటది. ఈ ఏడుతోని నా చదువైపోతది. ఒక్కసారన్న లోపట జూడాలె గద."

ఆ అమ్మ చీరల మార్కెట్లో దారాలు కత్తిరించే పని చేస్తుందట. అంచు వెనక వేలాడే పోగులన్నీ కత్తిరిస్తే చీరకు అందం. ఈ అమ్మాయి చెప్పిన మాటకు వెనక ఇంకేమీ వేలాడటం లేదు. నేను సరేనన్నాను. ఎలాగో తెలియకుండా సరేననడం నాకు మొదటి నుంచీ ఉన్న జబ్బు.

మా హెడ్ క్లర్కును ఇప్పుడు పరిచయం చేయాలి. అసలు సూరతీ మనిషి, వయసులో నాకన్నా రెండేళ్లు చిన్న, పదవిలో ఒక మెట్టు పైన. ఎవరు ఏ వెసులుబాటు అడిగినా ఆయన దగ్గర ఒక్కటే జవాబు: "నియమ్ ఎట్లే నియమ్." నియమమంటే నియమమే. మాటలన్నీ గుజరాతీలోనే, ఇక్కడ తెలుగు చేసి రాస్తున్నాను. ఆ ఒక్క మాట మాత్రం తెలుగు చేస్తే దాని పొగరు పోతుంది. నేనాయన్ని మోటాభాయ్ అనేవాణ్ణి. అంటే అన్నగారు. చిన్నవాణ్ణి అన్నగారనడంలో నాకు మర్యాద, ఆయనకు తృప్తి.

ఫారం ఆయన ముందు పెట్టి సంగతి చెప్పాను. ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టాడు.

"తెలుగుభాయ్, ముప్ఫై ఏళ్లుగా ఏం నేర్చుకున్నారు? సాంస్కృతికం గడిలో టిక్కు పెడితే గర్బా నియమం. ఆ పక్క గడి చూడండి. ప్రదర్శన. ప్రదర్శనకు ఎవరైనా రావచ్చు, గేటు దగ్గర పుస్తకంలో సంతకం చేస్తే చాలు. మీ ఆడవాళ్లు తెచ్చేది పూలే కదా. పూల ప్రదర్శన."

నా బుర్రలో గర్బా మైదానం దీపాలన్నీ ఒకేసారి వెలిగాయి. ఆ సాయంత్రం మా ఆఫీసు మొత్తంలో నా అంత తెలివైనవాడు లేడు. ప్రదర్శన గడిలో టిక్కు పెట్టాను. 'ప్రదర్శన విధానం' అని ఒక వరుస ఉంటే అందులో ఇలా రాశాను: "ప్రదర్శకులు తమ పూల అమరికల చుట్టూ గుండ్రంగా నడుస్తూ, చప్పట్లతో, మౌఖికంగా వివరించెదరు." ఇది చదివి మా డిప్యూటీ రిజిస్ట్రార్ గారు ఏం ఊహించుకున్నారో గానీ అనుమతి ఇచ్చేశారు. పైగా, ప్రదర్శన అన్నాక న్యాయనిర్ణేత ఉండాలి కాబట్టి వృక్షశాస్త్రం ప్రొఫెసర్ గారిని వేశారు. బతుకమ్మకు మార్కులు వేస్తారని అమ్మాయికి చెప్పాను.

"ఎన్నిటికి కాకా? వందకా, యాభైకా?"

నాకూ తెలియదన్నాను. ఆ మాట ఆ తర్వాత చాలాసార్లు అన్నాను.

సద్దుల బతుకమ్మ రోజు రానే వచ్చింది. ఆడిటోరియం ముందరి వరండాలో తెల్లగుడ్డ పరిచిన బల్లలు, బల్లల మీద ఒకటి నుంచి పధ్నాలుగు దాకా అంకెల చీటీలు. నాలుగింటికి గేటు బయట టెంపో ఆగింది. ముందు ఆ అమ్మాయి తల్లి దిగింది. నెత్తిన పళ్లెం, పళ్లెంలో మోకాలెత్తు బతుకమ్మ. కింద తంగేడు, పైన రంగులద్దిన గునుగు, మధ్య మధ్య బంతి, కొసన పసుపు గౌరమ్మ. వెనక పదిమంది ఆడవాళ్లు. ఆమె గేటు గీత దగ్గరికి వచ్చి ఆగిపోయింది. గార్డు రమ్మంటున్నాడు, ఆమె కదలడం లేదు.

"కార్డు లేదు బిడ్డా," అంది కూతురితో, మెల్లగా.

"ఇయ్యాల వద్దే అమ్మా. సంతకం జేస్తే చాలు."

పుస్తకంలో తెలుగులో సంతకం చేసింది. 'వచ్చిన పని' అనే గడి ఖాళీగా ఉంటే గార్డు ఒప్పుకోలేదు. కూతురు 'ప్రదర్శకురాలు' అని రాసింది. ఆ మాటేమిటో తల్లికి తెలియదు, గార్డుకూ తెలియదు. ఇద్దరూ గౌరవంగా తలూపుకున్నారు.

లోపల ఇంకో చిక్కు. బతుకమ్మల్ని బల్లల మీద పెడితే వాటి చుట్టూ ఆడటమెలా? ఆడవాళ్లు దించి నేల మీద పెట్టారు. వరండా కాపలాదారు ఎత్తి బల్ల మీద పెట్టాడు. వాళ్లు దించారు. అతను ఎత్తాడు. ఈ ఎత్తుడు దించుడు నాలుగుసార్లయ్యాక నేను అడ్డం వెళ్లి, అంకెల చీటీలే నేల మీదికి మార్పించాను. హజీరా వైపు నుంచి ముగ్గురు తల్లులు పట్టుచీరల్లో వచ్చారు. ఫోన్లో చూస్తూ పేర్చుకొచ్చిన మూడు బతుకమ్మలు, ఒకటి అప్పటికే ఎడమకు వాలుతోంది. "ఇది ఎటు వంగాలండీ?" అని అడిగింది అధ్యక్షుడి తల్లి. "ఎటూ వంగొద్దమ్మా," అని ఈ అమ్మాయి తల్లి దాని నడుముకు నాలుగు తంగేడు కొమ్మలు దోపి నిలబెట్టింది.

ప్రొఫెసర్ గారు పుస్తకం, టేపు పట్టుకుని వచ్చారు. ఒక్కో బతుకమ్మ ముందు వంగి ఎత్తు కొలిచారు. తంగేడు చూసి, "ఇది ఆవళ్ కదా, మా పొలం గట్ల మీద విరివిగా ఉంటుంది," అని ముచ్చటపడ్డారు. తర్వాత ఆ తల్లిని పుస్తకాల హిందీలో అడిగారు, ఇది ఎన్ని రోజులు తాజాగా ఉంటుందని.

ఆమె నావైపు తిరిగింది. "ఏమంటుండు సారు?"

"ఎన్ని రోజులుంటుందని అడుగుతున్నారు."

"ఉండుడేంది? పొద్దుమూకంగనే సాగనంపుడే గద."

ఈ ముక్కను నేను హిందీలోకి మార్చలేదు. ఎందుకు మార్చలేదో ఇప్పటికీ తెలియదు. లోపల ఎక్కడో ఏదో పాత కాగితం కదిలినట్టయింది, కానీ అదేమిటో గుర్తుకు రాలేదు. అంతలో ఆడవాళ్లు గుండ్రంగా నిలబడి చప్పట్లు మొదలుపెట్టారు. ఒకామె ఎత్తుకుంటే అందరూ అందుకున్నారు. హజీరా తల్లులు ఒక అడుగు వెనకగా కలిశారు. ప్రదర్శన కాస్తా ప్రదక్షిణ అయింది. ప్రొఫెసర్ గారు పుస్తకంలో 'మౌఖిక వివరణ బాగుంది' అని రాసుకోవడం నా కళ్లతో చూశాను. నేను చెప్పులు విప్పాలో, పెన్ను తీయాలో తెలియక రెండూ చేసి పక్కన నిలబడ్డాను.

ఆరు కావస్తుండగా పాట ఆగింది. ఆడవాళ్లు బతుకమ్మలు నెత్తికెత్తుకున్నారు. గేటు బయట టెంపో తయారుగా ఉంది. వాళ్ల గల్లీ వాళ్లంతా కలిసే నీళ్ల దగ్గరికి పోవాలి, చీకటి పడకముందే. ముందు నడుస్తున్న తల్లి గేటు దగ్గరికి వచ్చింది. గార్డు చెయ్యి అడ్డం పెట్టాడు.

"మాతాజీ, ఖాళీ చేతులతో వెళ్లండి. సామాను వెళ్లదు."

అతని చేతిలో ఒక కాగితం ఉంది. ప్రదర్శనల నియమావళి. తొమ్మిదో నియమం: 'ప్రదర్శనలో ఉంచిన వస్తువులను ఫలితములు ప్రకటించువరకు విశ్వవిద్యాలయ ఆవరణ దాటి తీసుకొనిపోరాదు.' ఫలితాలు దసరా అయ్యాక, మూడో నాడు.

లోపల ఇందాక కదిలిన పాత కాగితం ఇదే.

"దసరా అయినంక దాక బల్ల మీదనా?" అంది ఆ తల్లి. కోపం లేదు, అర్థం కాకపోవడమే. "అప్పుడు ఇది బతుకమ్మ గాదు గద సారు, వాడిన పూలు. వీళ్లందర్ని గల్లీల బతుకమ్మ ఇడిపిచ్చి నేనే తోలుకొస్తి. ఇయ్యాల సాగనంపకపోతే రేపు ఏం మొఖం వెట్టుకొని గల్లీల తిరగాలె?"

వెనక ఆడవాళ్లు గుసగుసలాడుకుంటున్నారు. కూతురు గార్డుతో హిందీలో, ఆ తర్వాత గుజరాతీలో వాదిస్తోంది. తల్లి కూతురి భుజం పట్టుకుంది.

"ఊకో బిడ్డా. నీ గేటు కత గింతే. అప్పుడేమొ లోపటికి రానియ్యకపాయె, ఇప్పుడేమొ బయటికి పోనియ్యకపాయె."

ఎవరో నవ్వారు. ఆమె నవ్వలేదు.

హెడ్ క్లర్కు గర్బా కమిటీ బ్యాడ్జీ పెట్టుకుని అటుగా వచ్చాడు. ఆ రోజు ప్రదర్శన వస్తువులకు బాధ్యుడు ఆయనే. ఒక చీటీ మీద సంతకం చేస్తే గార్డు వదిలేస్తాడు. నేను చేతులు కట్టుకుని అడిగాను.

"నియమ్ ఎట్లే నియమ్, తెలుగుభాయ్."

"మోటాభాయ్, ఈ గడిలో పెట్టమన్నది మీరే కదా."

"గడి నేను చెప్పానేమో. నియమం ఎవరు రాశారు? కింద చూడండి. ఈ చేతిరాత ఎవరిది?"

చూశాను. నాదే. చాలా ఏళ్ల కిందట సైన్సు ప్రదర్శనలో ఒక కుర్రాడు తన గాలిమర నమూనాను న్యాయనిర్ణేత రాకముందే ఇంటికి ఎత్తుకుపోయాడు. అక్క పెళ్లిలో ఫ్యాను మోటారు కావాల్సి వచ్చిందట. ఆ మోటారు మీద కోపంతో నేనే తొమ్మిదో నియమం రాసి, టైపు చేయించేదాకా కూడా ఆగక చేత్తో రాసి అంటించాను. ఆ అంటించిన కాగితమే ఇన్నేళ్లుగా నకళ్లు తీస్తున్నారు. నా నియమం నన్నే వెతుక్కుంటూ వచ్చి, దారిలో ఈవిడను పట్టుకుంది.

డిప్యూటీ రిజిస్ట్రార్ గారికి ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఆరు దాటింది. గార్డు చెయ్యి దించలేదు. పధ్నాలుగు బతుకమ్మలు గేటు ముందు నిలబడి ఉన్నాయి. వాటిని మోస్తున్న మెడలు నొప్పెడుతున్నాయని ఒక్కరూ అనలేదు. ఈ గోలంతా నా వల్లేనని తెలుసు, ఏ ముక్క దగ్గర నా తప్పు మొదలైందో మాత్రం తేల్చుకోలేకపోతున్నాను.

అప్పటిదాకా ఒక్క మాటా మాట్లాడని అధ్యక్షుడు ముందుకు వచ్చాడు. మా మండలిలో అతను తెలుగులో మాట్లాడగా నేను విన్నది అదే మొదటిసారి.

"సార్, ఆ రూలు ఇంకోసారి చదవండి. ఆవరణ దాటి అని కదండీ ఉంది. ఆవరణలోనే నీళ్లుంటే?"

"ఎక్కడున్నాయి బాబూ?"

"మా హైడ్రాలిక్స్ ల్యాబ్ వెనకాల పెద్ద తొట్టి ఉందండి. మనిషి లోతు నీళ్లు. ప్రాజెక్టు చేస్తున్నాం కదా, తాళం నా దగ్గరే ఉంది."

నేను హెడ్ క్లర్కు వైపు చూశాను. ఆయన వాచీ చూసుకున్నాడు. "నేనేమీ వినలేదు. గర్బా మైదానం చూసుకోవాలి," అని వెళ్లిపోయాడు. సంతకం చేయనూ లేదు, వద్దననూ లేదు. రిజిస్టరులో నేనే రాశాను: 'వస్తువులు ఆవరణలోనే వేరొక చోటికి తరలించబడినవి.' కింద సంతకం పెట్టాను. ఆ సంతకానికి నాకు అధికారం లేదు. ఉన్నట్టే పెట్టాను.

ఆ తొట్టి క్యాంపస్‌కు అటు చివర. గేటు ఇటు చివర. కాబట్టి అందరూ మొత్తం క్యాంపస్ నడవాల్సి వచ్చింది. ముందు తాళంచెవితో అధ్యక్షుడు, వెనక తలల మీద పూలతో ఆడవాళ్లు, వాళ్ల వెనక చెప్పులు చేత్తో పట్టుకుని నేను. క్యాంటీన్ ముందు టీ తాగుతున్న పిల్లలు లేచి నిలబడ్డారు. గర్బాకు ముస్తాబై వచ్చిన అమ్మాయిలు నలుగురైదుగురు కలిశారు, అడుగులు గర్బావే, పాట మాది. లైబ్రరీ దాటాక ఆ తల్లి నడక తగ్గించింది.

"నీ క్లాసేదే?"

"గదో, రెండో అంతస్తు. మూడో కిటికి."

ఆమె నెత్తిన పళ్లెం కదలకుండా కళ్లు మాత్రం పైకెత్తి చూసింది. మూడు కిటికీలు లెక్కపెట్టుకుంది. "ఫ్యానున్నదా లోపట?" అని అడిగింది. ఉందని కూతురు చెప్పింది. "మంచిది," అని మళ్లీ నడిచింది.

తొట్టి చుట్టూ పైపులు, కొలత గీతలు. నీటిమట్టం కొలిచే స్కేలు పక్కన నిలబడి ఆ తల్లి మొదటి బతుకమ్మను వదిలింది. అది మునగలేదు. కాసేపు గుండ్రంగా తిరిగి, పంపు ఉన్న వైపు మెల్లగా కదిలింది. తర్వాత పధ్నాలుగూ తేలాయి. తాంబాలాలు కడుక్కుని, సద్దుల ముద్దలు పంచారు. నాకు ఒక నువ్వుల ముద్ద దక్కింది. ల్యాబు గోడ మీద 'ఇచట తినరాదు' అని ఉంది. ఆ నియమం నాది కాదు కాబట్టి తిన్నాను.

ఇక్కడితో అయిపోతే మంచి జ్ఞాపకం. గునుగు పూలు పోయి పంపులో ఇరుక్కున్నాయి. దసరా మర్నాడు ల్యాబువాళ్లు మోటారు వేస్తే గులాబీ రంగు నీళ్లు వచ్చి ఆగిపోయింది. మధ్యాహ్నానికి నాకు మెమో అందింది. ముప్ఫై మూడేళ్లలో మొదటిది: 'ప్రదర్శన వస్తువులను నీటిలో ఎందుకు వేసితిరో వివరించవలెను.' హెడ్ క్లర్కు దగ్గరికి పరుగెత్తాను.

"ప్రదర్శన అని పెట్టమన్నానా? నేనా?" అన్నాడాయన. "నాకు గర్బాతోనే సరిపోలేదా? మీరేదో కలగన్నారు తెలుగుభాయ్."

ఆయన అంత నమ్మకంగా అన్నాడంటే, నిజంగానే కలగన్నానేమోనని రెండు రోజులు నాకే అనుమానం వచ్చింది. వివరణ రెండు పేజీలు రాశాను. బతుకమ్మ అంటే ఏమిటి, సాగనంపడమంటే ఏమిటి, ప్రదర్శనకూ దానికీ తేడా ఏమిటి, తేడా ఉండగా ఆ గడిలో ఎందుకు పెట్టాను. చివరికొచ్చేసరికి నేను తప్పు ఒప్పుకుంటున్నానో గొప్ప చెప్పుకుంటున్నానో నాకే తెలియలేదు. దాని మీద డిప్యూటీ రిజిస్ట్రార్ గారు ఎర్ర సిరాతో రాసిన మాట ఇదీ: 'వివరణ అర్థం కాలేదు. ఫైలు చేయుడు.' నన్ను మాత్రం రిటైరయ్యేదాకా పాత ఫైళ్ల గదికి మార్చారు.

మొదటి బహుమతి ఒకటో నంబరుకు వచ్చింది, ఆ తల్లి బతుకమ్మకే. అప్పటికి వస్తువు పంపులో ఉంది. సర్టిఫికెట్ రాసే పని నాదే. పేరు రాశాను. ఆ కింద 'చదువుతున్న సంవత్సరం' అని ఉంది. కూతుర్ని అడిగాను, అమ్మ సూరత్‌కు వచ్చి ఎన్నేళ్లని. ఇరవై రెండన్నది. 'ఇరవై రెండవ' అని రాశాను. ఎవరూ పట్టించుకోలేదు. బహుమతి తీసుకోవడానికి ఆమె ఆహ్వానపత్రం చేత్తో పట్టుకుని గేటులోంచి వచ్చింది. ఈసారి గార్డే ముందు నమస్తే చెప్పాడట.

పాత ఫైళ్ల గదిలో దుమ్ము తప్ప పని ఉండదని పంపారు. కానీ ఆ ఏడాదే ఫారాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాలని పైనుంచి ఆదేశం వచ్చింది. పాత నియమాలు ఎక్కడెక్కడ ఉన్నాయో తెలిసినవాడు ఆ దుమ్ములో కూర్చున్న నేనొక్కణ్ణే. కొత్త ముసాయిదా నన్నే రాయమన్నారు. దిగిపోవడానికి వారం ముందు పూర్తి చేశాను. అరవై రెండు పేజీలు. దాన్ని పరిశీలించి సరేననాల్సింది హెడ్ క్లర్కు. ఆయన మొదటి పేజీ చదివి, మిగతా అరవై ఒకటికీ పొట్టి సంతకాలు చేశాడు.

నలభై ఏడో పేజీలో తొమ్మిదో నియమం కింద నేనొక చిన్న మినహాయింపు చేర్చాను. 'నీటిలో కలుపవలసిన వస్తువులకు పై నియమము వర్తించదు. వాటిని అదే సాయంత్రము ఆవరణలోని తొట్టిలో, పంపునకు జాలీ కట్టి, కలుపవచ్చును. ప్రదర్శకుల కుటుంబములకు ప్రవేశము కలదు. హెడ్ క్లర్కు స్వయముగా హాజరై, చివరి పువ్వు మునుగువరకు అచ్చటనే ఉండి, సమయము రాసి సంతకము చేయవలెను.'

మొన్నటి దసరాకు నేను ఆల్థాన్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. సద్దుల బతుకమ్మ రోజు సాయంత్రం ఏడింటికి ఫోన్ మోగింది. హెడ్ క్లర్కు. వెనక ఆడవాళ్ల మాటలు, నీళ్ల చప్పుడు.

"తెలుగుభాయ్, తొట్టి దగ్గర ఉన్నాను. ప్యాంటు మోకాళ్ల దాకా తడిసింది. తంగేడు మునిగింది. గునుగు సగం మునిగింది. ఈ బంతిపూలు మునగడం లేదు. గంట నుంచీ చూస్తున్నాను. అవతల ఏడున్నరకు గర్బా ఆరంభం, నేను అక్కడ ఉండాలి. ఎవరు రాశారీ నియమం?"

"కింద పొట్టి సంతకం ఎవరిదో చూడండి మోటాభాయ్."

అంతలో ఆ తల్లి గొంతు, దగ్గర్లోనే: "సారుకు కుర్చెయ్యిండ్రే, గంటసంది నిలవడ్డడు."

"ఎన్ని తేలుతున్నాయి?" అని అడిగాను.

లెక్కపెట్టినట్టున్నాడు. "పదిహేడు."

"మనమేం చేయగలం మోటాభాయ్," అన్నాను. "నియమ్ ఎట్లే నియమ్."

ఫోన్ పెట్టేసి, సర్వపిండి ఇంకో ముక్క తుంచుకున్నాను.